రెండు గిటార్లే, మధ్యలో ఇంకెవరూ లేరు: ఈ జాజ్ జోడీల్లో ఏముంది?

తీగమీదవేలు · శుక్రవారం, రాత్రి 11:18

రెండు నెలలుగా నా చెవుల్లో ఇదొక్కటే. జాజ్‌లో రెండు గిటార్లు మాత్రమే వాయించిన రికార్డులు. డ్రమ్స్ లేవు, బేస్ లేదు, పియానో లేదు, పాడేవాళ్ళు అంతకన్నా లేరు. మొదట తగిలింది జో పాస్, హెర్బ్ ఎల్లిస్ కలిసి 1974లో తెచ్చిన 'టూ ఫర్ ద రోడ్'. పని చేసుకుంటూ వెనకాల పెట్టుకుందామనుకున్నాను. కాసేపటికి పనే వెనక్కి పోయింది.

వింతేమిటంటే ఎవరు ఎప్పుడు ఏం వాయిస్తున్నారో సగం సేపు నాకు తెలియట్లేదు. ఒకరు సోలో ఎత్తుకుంటారు, ఇంకొకరు కింద కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) పట్టుకుంటారు, ఎక్కడ మారారో పోల్చుకునేలోపే మారిపోయి ఉంటారు. మామూలుగా ఇలా తికమకపడితే చిరాకేస్తుంది. ఇక్కడ అదే బాగుంది. ఎందుకంటారు?

ఇంకో సంగతి. నేను గిటార్ పట్టి మూడేళ్ళయింది. నేనూ మా ఫ్రెండూ కలిసి ఇలాంటిది ప్రయత్నిస్తే, ఇద్దరు మనుషులు ఒకే గుమ్మంలోంచి ఒకేసారి బయటపడబోయినట్టుంది. తెలిసినవాళ్ళు కాస్త దారి చూపండి.

డ్రమ్ముకావాలి · శుక్రవారం, రాత్రి 11:31

నేను డ్రమ్స్ వాయిస్తాను కాబట్టి పక్షపాతం ఉందని ముందే ఒప్పేసుకుంటున్నా. నా వరకు రెండు గిటార్ల జాజ్ అంటే లిఫ్టులో వచ్చే సంగీతం. రెండూ ఒకే రంగు. వెనక తాళం వేసేవాడు లేకపోతే ఎంత గొప్పవాళ్ళైనా మెల్లగా మెత్తబడిపోతారు. మూడో ట్రాక్‌కి నాకు కళ్ళు మూతలు పడతాయి. మిమ్మల్ని తక్కువ చెయ్యాలని కాదు, నిజంగానే అడుగుతున్నా: అందులో మీకు ఏం దొరుకుతోంది?

ఏడోతీగ · శుక్రవారం, రాత్రి 11:52

డ్రమ్ముకావాలి గారూ, పైన చెప్పిన రికార్డులోనే మీకు జవాబుంది. హెర్బ్ ఎల్లిస్ 1953 నుంచి 1958 దాకా పియానిస్టు ఆస్కార్ పీటర్సన్ ట్రయోలో ఉన్నాడు. పియానో, బేస్, గిటార్, అంతే. డ్రమ్మర్ లేడు. ఆ ఖాళీ పూడ్చడానికి ఎల్లిస్ ఏం చేసేవాడంటే, ఎడమచేతి వేళ్ళతో తీగల్ని గట్టిగా నొక్కకుండా ఊరికే ఆనించి కుడిచేత్తో కొట్టేవాడు. స్వరం పలకదు, బాంగోలు మోగించినట్టు టకటకమంటుంది. పీటర్సన్ వేగానికి అలా ఐదేళ్ళు కాపు కాసిన మనిషి అతను. జో పాస్ కూడా 1970లలో అదే పీటర్సన్ పక్కన కూర్చున్నవాడే. ఇద్దరూ ఒక బడి పిల్లలన్నమాట.

అసలు గిటార్ అంటేనే తాళం అనుకున్న మనిషి ఫ్రెడీ గ్రీన్. కౌంట్ బేసీ బ్యాండ్‌లో 1937లో చేరి 1987లో పోయేదాకా, యాభై ఏళ్ళు, బార్‌కి (తాళంలో ఒక ఆవర్తనానికి) నాలుగు దెబ్బలు కొడుతూ కూర్చున్నాడు. సోలోల జోలికి దాదాపు పోనేలేదు. ఒక్కోసారి కార్డు మొత్తంలో గట్టిగా పలికేది ఒక్క తీగే.

డ్రమ్ముకావాలి · శనివారం, ఉదయం 7:05

ఫ్రెడీ గ్రీన్ పేరెత్తి నా నోరు మూయించారు. కానీ ఆయన పక్కన జో జోన్స్ ఉన్నాడండీ డ్రమ్స్ మీద. అది మర్చిపోకండి :)

పాతరికార్డులపెట్టె · శనివారం, ఉదయం 8:40

అందరూ 1974 దగ్గర మొదలుపెట్టారు. ఈ కథ అంతకు నలభై ఆరేళ్ళ ముందుది. నాకు కాస్త చోటివ్వండి.

1928లో, 1929లో న్యూయార్క్‌లో 'ఓకే' అనే రికార్డుల కంపెనీ కోసం ఇద్దరు కలిసి గిటార్ డ్యూయెట్లు రికార్డు చేశారు. ఒకరు లానీ జాన్సన్, న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన నల్లజాతి బ్లూస్ గాయకుడు, గిటారిస్టు. ఇంకొకరు ఎడ్డీ లాంగ్. అసలు పేరు సాల్వటోర్ మసారో, ఫిలడెల్ఫియాలో స్థిరపడిన ఇటాలియన్ కుటుంబం. ఆ రోజుల్లో అమెరికాలో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కలిసి వాయించారని బయటికి చెప్పి రికార్డు అమ్మడం కుదిరే పని కాదు. అందుకని లేబుల్ మీద లాంగ్ పేరు 'బ్లైండ్ విల్లీ డన్' అని వేశారు. నల్లజాతి బ్లూస్ కళాకారుడి పేరులా ధ్వనించాలని. ఎడ్డీ లాంగ్‌కి చూపు బాగానే ఉందండోయ్.

ఆ రికార్డుల్లో పైన పరుగులు తీసేది ఎక్కువగా జాన్సన్. లాంగ్ కింద ఉంటాడు. కింద అంటే ఊరికే ఉండడు. బేస్ తీగ మీద ఒక అడుగు, వెంటనే కార్డు, మళ్ళీ ఇంకో అడుగు, మధ్యలో జాన్సన్ ఊపిరి తీసుకునే చోట చిన్న జవాబు. నేను చాలా ఏళ్ళు జాన్సన్ కోసమే విన్నాను. ఇప్పుడు వింటే లాంగ్ దగ్గరే ఆగిపోతాను.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. 1925కి ముందు రికార్డింగ్ అంటే ఓ పెద్ద కొమ్ము ముందు నిలబడి వాయించడమే. ఆ కొమ్ముకి గిటార్ సరిగా అందేది కాదు, బాంజో అయితే అందేది. 1925లో మైక్రోఫోన్‌తో రికార్డింగ్ వచ్చాక గిటార్‌కి ప్రాణం లేచొచ్చింది. అంత మెత్తటి వాయిద్యాలు రెండు ఒక గదిలో మాట్లాడుకుంటుంటే మనకి వినబడటం ఆ మైకు పుణ్యమే.

1933లో లాంగ్ టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత చనిపోయాడు. 30 ఏళ్ళు. జాన్సన్ 1970 దాకా ఉన్నాడు.

కొత్తచెవి · శనివారం, ఉదయం 9:12

నమస్తే, కొత్తగా చేరాను. అడగొచ్చో లేదో. ఇది మన జుగల్‌బందీ లాంటిదేనా? ఒకరు వాయించిందానికి ఇంకొకరు జవాబివ్వడం?

ఏడోతీగ · శనివారం, ఉదయం 9:50

అడగొచ్చండీ. సవాలు జవాబు ఇక్కడా ఉంది. నాలుగు బార్లు నేను, నాలుగు బార్లు నువ్వు అని పంచుకుంటారు. కానీ అసలు సరదా అది కాదు.

గిటార్ ఉంటే ఇది చేసి చూడండి. ఒకరు ఒక్క స్వరం పట్టుకోవాలి, 'ఇ' అనుకోండి. అదే మోగిస్తూ ఉండాలి. రెండోవాళ్ళు కింద సి మేజర్ కార్డు వెయ్యాలి. ఆ 'ఇ' హాయిగా ఇంట్లో కూర్చున్నట్టుంటుంది. ఇప్పుడు కింద ఎ మైనర్ వెయ్యమనండి. పైన స్వరం మారలేదు, కానీ కాస్త దిగులు పడింది. ఎఫ్ మేజర్ వేస్తే అదే 'ఇ', ఎఫ్ నుంచి లెక్కిస్తే ఏడో స్వరమై తేలిపోతుంది. డి మైనర్ వేస్తే తొమ్మిదో స్వరమై, ఏదో అడగబోయి ఆగినట్టుంటుంది. పైవాడు వేలు కూడా కదపలేదు చూడండి.

అంటే పక్కన ఉన్నవాడు తోడుగా నడవడంతో సరిపెట్టుకోడు. మీ కాలి కింద నేల మారుస్తుంటాడు. మీరు వాయించిన స్వరానికి అర్థం ఏమిటో సగం అతని చేతిలో ఉంది. పెద్ద బృందంలో ఈ పని పియానో, బేస్ పంచుకుంటాయి కాబట్టి ఎవరు ఏం చేశారో తెలియదు. ఇద్దరే ఉన్నప్పుడు తప్పించుకోడానికి సందు లేదు.

కొత్తచెవి · శనివారం, ఉదయం 10:03

చేసి చూశాను. మా అక్క 'ఇ' మోగించింది, నేను కార్డులు వేశాను. ఎఫ్ దగ్గర ఇద్దరం ఒకేసారి "ఓ" అన్నాం 😄

మంద్రస్థాయి · శనివారం, మధ్యాహ్నం 1:27

శబ్దం పనిలో ఉన్నవాడిగా రెండు మాటలు.

డ్రమ్ముకావాలి గారు "రెండూ ఒకే రంగు" అన్నారు. చెవి పరంగా అది నూటికి నూరుపాళ్ళు నిజం, అసలు చిక్కంతా అదే. గిటార్‌లో మందంగా ఉండే ఆఖరి తీగ 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. సన్నటి మొదటి తీగ, ఏ మెట్టూ నొక్కకుండా, 330 దగ్గర. కార్డులన్నీ చాలా వరకు ఈ రెంటి మధ్యా, కాస్త పైనా ఉంటాయి. రెండు గిటార్లు ఈ ఇరుకులోనే దూరితే ఒకదాని శబ్దం ఇంకోదాన్ని మింగేస్తుంది. సాక్సఫోన్, పియానో అయితే స్వరాలు ఢీకొన్నా రంగు తేడాతో విడివిడిగా వినిపిస్తాయి. ఇక్కడ ఆ సాయం లేదు. వాయించేవాళ్ళే ఒకరు పైన ఉంటే ఇంకొకరు కిందికి, ఒకరు దట్టంగా ఉంటే ఇంకొకరు పలచగా, ఇలా ప్రతి క్షణం సర్దుకోవాలి. మీరు "ఎందుకు బాగుంది" అని అడిగినదానికి నా జవాబు అదే. ఆ సర్దుకోవడం మనకి వినబడుతుంది.

తీగమీదవేలు గారికి ఒక చిట్కా. చాలా స్టీరియో రికార్డుల్లో ఒక గిటార్‌ని ఎడమకి, ఒకదాన్ని కుడికి జరిపి పెడతారు. ఇయర్‌ఫోన్లలో ఒకటి తీసేసి, సోలో వాయించేవాడిని వదిలేసి, కార్డులు వేసేవాడిని మాత్రమే పాటంతా వినండి. ఖాళీ ఎంత ఉందో చూస్తే ఆశ్చర్యపోతారు. రెండు బార్లలో మూడే మూడు దెబ్బలు, అదీ పిట్ట వాలినంత మెల్లగా. తర్వాత రెండో చెవి కూడా పెట్టుకోండి.

(పెట్టెగారి 1928 రికార్డుల మీద ఇది పని చెయ్యదు. అవి మోనో, ఎడమా కుడీ తేడా ఉండదు.)

తీగమీదవేలు · శనివారం, సాయంత్రం 6:44

మంద్రస్థాయి గారూ, దండం. ఒక చెవితో విన్నాను. నేను వాయించే కార్డుల్లో పదోవంతు కూడా లేదండీ అక్కడ! మరి పాట ఎలా నిండుగా ఉంది?

ఏడోతీగ · శనివారం, రాత్రి 8:15

దీనికి నా సొంత అవమానం ఒకటి చెప్పాలి.

నేను మొదటిసారి ఇలా జోడీగా వాయించింది నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దాయనతో. ఆయన సోలో, నేను కార్డులు. నాకు తెలిసిన పెద్ద పెద్ద కార్డులన్నీ, ఆరు తీగలూ మోగేటట్టు, నాలుగు దెబ్బలకీ వేసుకుంటూ పోయాను. ఎనిమిది బార్లయ్యాక ఆయన వాయించడం ఆపేశాడు. ఏమీ అనలేదు. జేబులోంచి చేతిరుమాలు తీసి, మడిచి, నా గిటార్ వంతెన దగ్గర మందం తీగలు రెండింటి కిందా దూర్చాడు. ఇప్పుడు వాయించు అన్నాడు. ఆ రెండు తీగలూ మూగబోయాయి. ఇంకో కోరస్ (పాట వరస మొత్తం ఒక చుట్టు) అయ్యాక "సన్న తీగ కూడా వదిలెయ్" అన్నాడు. చివరికి నా చేతిలో మిగిలింది మధ్యలో రెండు తీగలు. కార్డుకి రెండే స్వరాలు, మూడోదీ ఏడోదీ.

జాజ్‌లో అడుగడుగునా ఎదురయ్యే వరస తీసుకోండి: డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్. మొదటి కార్డులో మూడోది ఎఫ్, ఏడోది సి. జి సెవెన్‌కి వెళ్ళేటప్పుడు ఎఫ్ అలాగే ఉంటుంది, సి ఒక్క మెట్టు జారి బి అవుతుంది. అక్కణ్ణుంచి సి మేజర్‌కి వెళ్ళేటప్పుడు బి కదలదు, ఎఫ్ ఒక్క మెట్టు జారి ఇ అవుతుంది. మూడు కార్డులకీ కలిపి వేళ్ళు కదిలింది రెండు మెట్లు. మేజరో మైనరో, నిలకడో ఆరాటమో, అంతా ఆ రెండు స్వరాల్లోనే ఉంది. మూలస్వరం (కార్డుకి పేరిచ్చే స్వరం) ఎక్కడో చెవికి దానంతట అదే తట్టేస్తుంది, మీరు మోగించక్కర్లేదు.

మీ గుమ్మం సమస్యకి మందు ఇదే. ఫ్రెండు సోలో ఎత్తుకున్నప్పుడు ఆ రెండు తీగలు తప్ప ముట్టుకోకండి, వారం రోజులు. ఒకటో దెబ్బ మీద కార్డు వెయ్యకండి. రెండో దెబ్బ తర్వాత ఎక్కడైనా వెయ్యండి. అతను పై తీగల్లోకి వెళ్తే మీరు కదలొచ్చు. అతను మధ్యకి దిగితే ఆగిపోండి.

ఆ చేతిరుమాలు ఆయనకి తిరిగివ్వలేదు. ఇప్పటికీ కేసులోనే ఉంది.

నిశ్శబ్దం2 · శనివారం, రాత్రి 8:58

వాయించడం రాదు, వినడమే వచ్చు. జిమ్ హాల్, పాట్ మెథీనీ కలిసి 1999లో తెచ్చిన రికార్డు ఎవరూ ఎత్తలేదేం? హాల్ మెథీనీ కంటే 24 ఏళ్ళు పెద్ద. అందులో ముందుగా ఏమీ అనుకోకుండా అప్పటికప్పుడు అల్లిన ముక్కలు ఐదున్నాయి. హాల్ ఒక స్వరం వేసి ఆగుతాడు. అంతసేపు ఆగగలిగినవాడు చెయ్యబోయేది ఏమిటా అని మనం కూడా ఆగుతాం. మెథీనీ అంత వేగం ఉన్న చేతులు పెట్టుకుని ఆ నిశ్శబ్దంలోకి దూకడు చూశారూ, నాకు అదే ముచ్చట.

డ్రమ్ముకావాలి · శనివారం, రాత్రి 9:20

సరే, నేనూ ఒకటి ఇష్టపడతాను, నవ్వకండి. 'ఫ్రైడే నైట్ ఇన్ శాన్ ఫ్రాన్సిస్కో'. 1980 డిసెంబర్, వార్‌ఫీల్డ్ థియేటర్. అందులో మొదటిది పాకో డి లూసియా, ఆల్ డి మియోలా ఇద్దరే. డ్రమ్స్ లేవు. నిద్రా రాదు. జనం అరుపులు వింటుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఏడోతీగ · శనివారం, రాత్రి 9:34

అది పందెం అండీ. గొప్ప పందెమే, కాదనను. కానీ ఇద్దరు ఒకరినొకరు దాటాలని పరిగెడుతుంటే విన్నట్టు ఉంటుంది నాకు. పైగా అందులో జాజ్ కంటే ఫ్లమెంకో పాలే ఎక్కువ.

పాతరికార్డులపెట్టె · శనివారం, రాత్రి 9:51

ఏడోతీగ గారు కాస్త కఠినంగా ఉన్నారు ఇవాళ. పాకో కింద కొట్టే లయని ఒక్కసారి మీరు చెప్పిన "ఒక చెవి" పద్ధతిలో వినండి. పందెం సోలోల్లో ఉంది, కింద కాదు. ఆ కింద ఎవరైనా సంసారపక్షంగానే ఉండాలి, లేకపోతే బండి బోల్తా.

మంద్రస్థాయి · శనివారం, రాత్రి 9:55

"ఒక చెవి" పద్ధతి నాది. హక్కులు భద్రం.

తీగమీదవేలు · శనివారం, రాత్రి 10:30

లారీ కోరియెల్, ఫిలిప్ కాథరీన్‌ల 'ట్విన్ హౌస్' ఎవరికైనా ఇష్టమా? 1977. అక్యూస్టిక్ గిటార్లు, తీగలు తెగుతాయేమో అన్నంత ఉరవడి. జాంగో రైన్‌హార్ట్ 'న్యూఆజ్' కూడా వాయించారు. నాకైతే అది విన్నాక ఇంట్లో ఊరికే కూర్చోబుద్ధి కాలేదు. ఏడోతీగ గారికి ఇదీ పందెమే అనిపిస్తుందా?

ఏడోతీగ · ఆదివారం, ఉదయం 6:20

కొన్నిచోట్ల అవును. ఇద్దరూ ఒకేసారి నిండుగా మాట్లాడేస్తారు. కోరియెల్‌నే 1985లో ఎమిలీ రెమ్లర్‌తో చేసిన 'టుగెదర్'లో వినండి, నాకు అది ఎక్కువ ఇష్టం. రెమ్లర్ జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీని ఆరాధించిన మనిషి. ఆమె లయ ఎంత కుదురుగా ఉంటుందంటే కోరియెల్ ఎటు దూకినా తిరిగి వచ్చి నిలబడటానికి ఓ అరుగు ఉంటుంది. 1990లో పోయింది, 32 ఏళ్ళకే.

పూర్తిగా వేరే రుచి కావాలంటే రాల్ఫ్ టౌనర్, జాన్ అబర్‌క్రాంబీల 'సర్గాసో సీ', 1976. టౌనర్ 12 తీగల గిటార్, నైలాన్ తీగల గిటార్. అబర్‌క్రాంబీది ఎక్కువగా ఎలక్ట్రిక్. ఒకే రంగు అన్న ఫిర్యాదు అక్కడ చెల్లదు.

నిశ్శబ్దం2 · ఆదివారం, ఉదయం 7:48

ఒకే రంగు కావాలనుకునేవాళ్ళ కోసం: జిమ్మీ రేనీ, డగ్ రేనీ. తండ్రీ కొడుకులు. 1979లో 'డ్యూయెట్స్' అని స్టీపుల్‌చేజ్ అనే కంపెనీ వాళ్ళు తెచ్చారు. కొడుకు తండ్రి పలుకు ఎంత పట్టుకున్నాడంటే, ఎవరు ఎవరో చెప్పమంటే నేను నాణెం ఎగరేస్తాను. జిమ్మీ రేనీకి చెవి జబ్బు ఉండేది, వినికిడి ఏళ్ళ తరబడి తగ్గుతూ వచ్చింది. అది తెలిశాక ఆ రికార్డు వేరేలా వినిపించింది నాకు. దీని గురించి ఇంకేం రాయలేను.

డ్రమ్ముకావాలి · ఆదివారం, ఉదయం 10:15

ఒక ప్రశ్న, వాదన కోసం కాదు. పక్కన పియానో పెట్టుకోవచ్చుగా? బిల్ ఎవాన్స్, జిమ్ హాల్ 1962లో చేసిన 'అండర్‌కరెంట్' నాకు చాలా ఇష్టం. ఎవాన్స్ సోలో ఎత్తుకున్నప్పుడు హాల్ కింద నాలుగు దెబ్బలు వేస్తుంటే డ్రమ్మర్ అవసరమే గుర్తుకు రాదు (ఈ వాక్యం నేను రాశానని మా బ్యాండ్‌లో చెప్పకండి). రెండూ గిటార్లే ఎందుకు కావాలి?

మంద్రస్థాయి · ఆదివారం, ఉదయం 11:02

మంచి ప్రశ్న. గిటార్ తీగ మీటిన క్షణమే దాని బలమంతా. అక్కణ్ణుంచి ఆరిపోవడమే. పియానోలో పెడల్ తొక్కితే ఒక కార్డు కింద పరిచి పెట్టొచ్చు, దాని మీద ఇంకొకరు నడవొచ్చు. రెండు గిటార్లైతే రెండూ ఒకేలా ఆరిపోతుంటాయి. కింద పరిచింది ఏదీ నిలవదు, ఎప్పటికప్పుడు వేసుకుంటూ ఉండాలి. పైగా రెండూ మీటే వాయిద్యాలే కాబట్టి ప్రతి స్వరానికీ మొదలు 'టక్' మని స్పష్టంగా ఉంటుంది. ఇద్దరి లయలో వెంట్రుకవాసి తేడా ఉన్నా దాగదు. డ్రమ్మర్లకి అసలు నచ్చాల్సింది ఇదే అని నా అనుమానం.

డ్రమ్ముకావాలి · ఆదివారం, ఉదయం 11:10

హ్మ్.

పాతరికార్డులపెట్టె · ఆదివారం, మధ్యాహ్నం 12:36

ఆయన 'హ్మ్' అన్నాడు, ఇదే సమయం. ఒక వంశవృక్షం చెప్పి ఊరుకుంటాను.

లానీ జాన్సన్ పక్కన వాయించిన ఎడ్డీ లాంగ్, 1932లో కార్ల్ క్రెస్ అనే ఆయనతో రెండు డ్యూయెట్లు రికార్డు చేశాడు. క్రెస్ బాంజో నుంచి వచ్చినవాడు. గిటార్ మందం తీగల్ని బాంజోలాగా పంచమాల దూరంలో శ్రుతి చేసుకునేవాడు, అందుకే ఆయన కార్డులు మామూలు గిటార్‌కి అందనంత కిందికి దిగుతాయి. పైన చెప్పిన ఇరుకు నుంచి బయటపడే దారి ఆయన అప్పుడే కనిపెట్టేశాడన్నమాట. లాంగ్ పోయాక క్రెస్, డిక్ మెక్‌డనోతో జోడీ కట్టాడు. వాళ్ళ డ్యూయెట్లు 1934వి, 1937వి ఉన్నాయి. మెక్‌డనో 1938లో పోయాడు. చాలా ఏళ్ళకి, 1960లు మొదలయ్యాక, క్రెస్ మళ్ళీ జోడీ కట్టింది జార్జ్ బార్న్స్‌తో. బార్న్స్ ఎలక్ట్రిక్ గిటార్ మీద ఒక్కో స్వరం గోరుతో చెక్కినట్టు వాయిస్తాడు, క్రెస్ కింద కంబళి పరిచినట్టు ఉంటాడు. 1965లో ఇద్దరూ ఊళ్ళు తిరుగుతూ కచేరీలు చేస్తుండగా క్రెస్ చనిపోయాడు.

తర్వాత బార్న్స్ పక్కకి వచ్చింది బకీ పిజ్జరెల్లి. ఆయన వాడింది జార్జ్ వాన్ ఎప్స్ మొదలుపెట్టిన ఏడు తీగల గిటార్. ఆరో తీగ కింద ఇంకో తీగ, మంద్రంలో ఎ. అంటే క్రెస్ శ్రుతి మార్చి తెచ్చుకున్న లోతుని ఈయన ఇంకో తీగ కట్టి తెచ్చుకున్నాడు. బకీ తర్వాత్తర్వాత కొడుకు జాన్‌తో కూడా డ్యూయెట్లు వాయించాడు, ఆ అబ్బాయిదీ ఏడు తీగలదే.

ఒక్కో జోడీలో ఒకరు పోతే మిగిలినవాళ్ళు ఇంకొకర్ని వెతుక్కున్నారు. 1928 నుంచి ఆ దారం తెగలేదు. ఏడోతీగ గారు తన పేరు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారో ఇప్పుడు అందరికీ తెలిసింది.

ఏడోతీగ · ఆదివారం, మధ్యాహ్నం 12:50

దొరికిపోయాను. ఆ తీగ 55 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, మంద్రస్థాయి గారి లెక్కల్లో రాసుకోవచ్చు. దాంతో బొటనవేలు బేస్ నడిపిస్తుంటే మిగిలిన వేళ్ళు మధ్యలో రెండు స్వరాలు వేస్తాయి. అలవాటయ్యేదాకా బొటనవేలు మాట వినదు. నాకు ఏడాది పట్టింది, ఇంకా అప్పుడప్పుడూ ఎదురుతిరుగుతుంది.

కొత్తచెవి · ఆదివారం, సాయంత్రం 4:19

బార్న్స్, క్రెస్ దొరికారు. విన్నాను. కింద వాయించే ఆయన ఒక్కరే అంటే నమ్మలేదు, రెండోసారి విన్నాక నమ్మాను. మా అక్క ఇంకా నమ్మట్లేదు.

డ్రమ్ముకావాలి · ఆదివారం, రాత్రి 7:42

నివేదిక. ఇవాళ 'టూ ఫర్ ద రోడ్' బ్రష్‌లు పట్టుకుని విన్నాను. ముందు ఊరికే తొడ మీద తాళం వేద్దామనుకున్నా, తర్వాత స్నేర్ డ్రమ్ ముందు పెట్టుకుని వాళ్ళతో పాటు వాయించాను. మూడు ట్రాకులయ్యాక అర్థమైంది, నేను ఏ చోట దెబ్బ వేసినా అక్కడ ముందే ఒకడున్నాడు. రెండు, నాలుగు దెబ్బల మీద కార్డు వేసేవాడున్నాడు. ఆ మధ్య సందుల్లో సోలో వాడున్నాడు. చివరికి బ్రష్‌లు కింద పెట్టేశాను.

నిద్ర రాలేదు. అంతకు మించి ఒప్పుకోను.

పాతరికార్డులపెట్టె · ఆదివారం, రాత్రి 7:50

మాకు అది చాలు.

తీగమీదవేలు · మంగళవారం, రాత్రి 10:57

రెండు రోజులు ఇటు రాలేకపోయాను. మా ఫ్రెండు వచ్చాడు. గిటార్ కింద రుమాలు దూర్చాను, మధ్య రెండు తీగలు, ఒకటో దెబ్బ మీద ఏమీ వెయ్యలేదు. మొదటి అరగంట నరకం. చేతులు ఖాళీగా ఉంటే దొంగతనం చేస్తున్నట్టుంది. పన్నెండు బార్ల బ్లూస్ ఒక్కటే తీసుకున్నాం, జి లో, మెల్లగా.

తర్వాత ఎక్కడో ఒక కోరస్‌లో నేను ఎప్పటిలాగే రెండో దెబ్బ తర్వాత కార్డు వెయ్యబోయి, వాడు అప్పుడే అక్కడికి దిగుతున్నాడనిపించి ఆగాను. వాడు ఆ ఖాళీ చూసి వాడూ ఆగాడు. ఒక బార్ మొత్తం ఏమీ లేదు. కాలు మాత్రం కొట్టుకుంటోంది ఇద్దరికీ. తర్వాతి బార్‌లో ఇద్దరం ఒకేసారి, ఒకే చోట పడ్డాం. అనుకుని చేసింది కాదు.

టేబుల్ మీద ఫోన్ పెట్టి రికార్డు చేశాం. దాన్నే పదిసార్లు విన్నాం. ఆ తర్వాత వచ్చే నాలుగు బార్లలో ఒక చిన్న జారుడు ఉంది, కిందినుంచి పైకి, చాలా బాగా వచ్చింది. అది వాయించింది నేనని నా నమ్మకం. వాడు తనదంటున్నాడు. ఫోన్‌లో రెండు గిటార్లూ ఒకే చోటి నుంచి వినిపిస్తున్నాయి, తేలట్లేదు. అరగంట పోట్లాడుకున్నాం.

మంద్రస్థాయి · మంగళవారం, రాత్రి 11:04

ఈసారి రెండు ఫోన్లు పెట్టండి. చెరో వైపు.

నిశ్శబ్దం2 · మంగళవారం, రాత్రి 11:20

వద్దు. ఒకటే పెట్టండి.